బరువైన మాట

ఆ పూట పెద్దాయన అడ్డం పడటం అది మూడోసారి.

"బాబూ, డెస్టిట్యూట్ అంటే ఏంటి?"

టైపాయన మిషను మీంచి చేతులు తీశాడు. ఆఫీసు ప్రహరీగోడ నీడలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా జనానికి ఇంగ్లీషు అర్జీలు కొట్టిపెడుతున్నాడు. నడుం ఎప్పుడో పట్టేసింది. ఓపిక అంతకుముందే అయిపోయింది. మిషనులో ఒక అక్షరం ఏళ్లుగా వరస తప్పి పైకి ఎగురుతుంటే బాగుచేయించడానికి కూడా మనసు పుట్టడం లేదు.

"నిన్ననే చెప్పాగా. నా అనేవాళ్లు లేని మనిషి. దిక్కూ మొక్కూ లేదని."

"మరి పూర్ అంటే?"

"ఒళ్లొంచుతాడు. అయినా చాలదు."

"నీడీ?"

"ప్రస్తుతానికి ఇబ్బందిలో ఉన్నాడు. ఆదుకుంటే నిలబడతాడు. ఈ వయసులో పరీక్షకేమైనా కట్టావా పెద్దాయనా?"

అర్జీల కోసం బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. పాత క్యాలెండరు కాగితం వెనక తెలుగు అక్షరాల్లో ఆ మాటా, దాని అర్థమూ రాసుకున్నాడు.

ఏడాదిగా ఇదే తంతు. ఆఫీసు తెరిచేసరికి వచ్చి బల్ల చివర కూర్చుంటాడు. అర్జీ మాత్రం పెట్టడు. అర్థాలాయన అని పేరు కూడా పడిపోయింది.

లేమికి ఇంగ్లీషులో మాటలకేం తక్కువ లేదు. టైపాయన మాత్రం వచ్చినవాళ్లందరికీ డెస్టిట్యూట్ అనే కొట్టేవాడు. మాట బరువుగా ఉంటేనే ఆఫీసరు కలం కదులుతుందని ఆయన నమ్మకం. తన చేత్తో కొట్టిన అర్జీ ఇంతవరకూ వెనక్కి రాలేదని చెప్పుకునేవాడు.

వెనక్కొచ్చిన కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి మళ్లీ ఎవరొస్తారు? ఇంటికి పోతారు గానీ.

ఆ రోజు వచ్చింది ఇస్త్రీ పని చేసే ఆవిడ. రెండు కళ్లకీ పొర కమ్మింది. ఆ వారంలోనే రెండు చొక్కాలు కాల్చింది. ఉచితంగా ఆపరేషన్ చేయిస్తే సరే, లేకపోతే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేయాల్సిందే.

పెద్దాయన ఆవిడ వైపు జరిగాడు.

"ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"తమ్ముడున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, మంచం దిగడు."

"అయితే ఆ మాట వద్దు బాబూ. ఈమెకి నీడీ సరిపోతుంది."

"అదేం ఆనుతుంది వాళ్లకి?"

"విచారణకి మనిషొస్తాడు. మంచం మీద తమ్ముణ్ణి చూస్తాడు. దిక్కుండి కూడా లేదని అబద్ధమాడిందని రాసుకుపోతాడు."

ఇన్నేళ్ల నుంచి కొడుతున్నవాణ్ణి, నాకు నేర్పుతావా అని అడుగుదామనుకున్నాడు టైపాయన. అడిగితే ఆయన జవాబు చెబుతాడు. అది వినాలి. దానికన్నా కాగితం మార్చడమే తేలిక. సగం కొట్టింది లాగిపారేసి, కొత్తది ఎక్కించి, నీడీ అని కొట్టిచ్చాడు.

రెండు నెలలకి ఆవిడ మళ్లీ వచ్చింది. కంటికి నల్లద్దాలు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే నడిచొచ్చింది.

"అంతా నీ చలవే అన్నా," అంది.

టైపాయన తలూపాడు. ఎందుకో బల్ల చివరికి చూశాడు. ఖాళీగా ఉంది. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో ఆయనకి గుర్తు లేదు.

"పెద్దాయన కనబడడం లేదే."

"మా వీధేగా. పోయి పది రోజులైంది. గది ఖాళీ చేస్తుంటే ఇవి దొరికాయి. ఇంగ్లీషు కాగితాలు మాకెందుకు, నీకైతే పనికొస్తాయని తెచ్చా."

గుడ్డసంచి బల్ల మీద పెట్టింది. అందులో క్యాలెండరు కాగితాలున్నాయి. వాటి అడుగున, మడతల దగ్గర చిరిగిన పాత అర్జీ ఒకటి. ఎవరో ఆడమనిషిది. గుండె వైద్యం చేయించమని పెట్టుకుంది. తేదీ చూస్తే నాలుగేళ్ల కిందటిది.

ఎవరు కొట్టిందో అడగక్కర్లేకపోయింది. ప్రతి వరసలోనూ ఒక అక్షరం పైకి ఎగిరి ఉంది.

"ఇదెవరిదమ్మా?"

"ఆయన భార్యది. వైద్యం అందకుండానే పోయింది పాపం."

టైపాయన చాలాసేపు తడుముకున్నాడు. ఆ బల్ల మీద ఎప్పుడో కూర్చుని ఉంటుంది. ముఖం గుర్తుకు రాలేదు. ఇంట్లో ఎవరున్నారని తను అడిగిన గుర్తూ లేదు.

డెస్టిట్యూట్ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత ఉంది. ఆ పక్కనే, విచారణకి వెళ్లిన గుమస్తా రాసిన రెండే రెండు ముక్కలు: భర్త ఉన్నాడు.