పదికి రెండు

“ఇయ్యాల మీరు ఈ కుర్చీల కూసోండ్రి సార్. మేం అడుగుతం,” అంది సుష్మ.

గోవిందప్ప నవ్వుతూ కూర్చున్నాడు. నార్సింగిలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు ఆయన వ్యాపారం, మార్కెటింగ్ పాఠాలు చెబుతాడు. ప్రతి శుక్రవారం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి, రేపు ఉద్యోగానికి వెళ్తే ఎలా మాట్లాడాలో నేర్పుతాడు. ఎప్పుడూ అడిగేది ఆయన, చెప్పేది పిల్లలు. ఈ శుక్రవారం అది తారుమారైంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేక తరగతిలో పట్టుమని పదిహేను మంది లేరు. పాఠం ఎలాగూ సాగేది కాదు, ఇదైనా నయమే అనుకున్నాడు.

బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో సుష్మ, ఒక పక్క భరత్, ఇంకో పక్క దినేశ్. దినేశ్ చేతిలో పరీక్ష అట్ట, దానికి ఒక కాగితం. పోయిన నెల ఊరేగింపులో లాఠీ దెబ్బకు వాడి అన్న చెయ్యి విరిగింది. అప్పటినుంచి వాడు తరగతిలో నోరు విప్పడమే తక్కువ.

“మీ సొంతూరు?” భరత్ మొదలుపెట్టాడు.

“కదిరి. అనంతపురం జిల్లా.”

“ఈడికెందుకొచ్చిన్రు?”

“హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఉద్యోగానికొచ్చినా. అది మూతపడింది. తర్వాత మీ బడి. ఎనిమిదేళ్ళయింది.”

“మీ దిక్కే పోయి చెప్పుకోవచ్చు గద సార్?”

గోవిందప్ప మొహంలో నవ్వు కాస్త తగ్గింది. వీధిలో నలుగురూ అనే మాటే. బడిలో మాత్రం ఎవరూ అనలేదు, ఇప్పటిదాకా.

“నా ఇల్లు ఇక్కడే కదప్పా. నా బిడ్డ పుట్టింది ఇక్కడే. అమ్మానాన్నలు పోయినాక అక్కడ నాకెవరున్నారు?”

భరత్, సుష్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మీల లోపాలేందో చెప్పుండ్రి,” అంది సుష్మ. లోపం అడిగితే దాచొద్దని వాళ్ళకు నేర్పింది ఆయనే.

“కోపం ఎక్కువ. తగ్గించుకుంటున్నా.”

“ఇంకోటి?”

“ఇంకేముంది...”

“నేను చెప్త,” అన్నాడు దినేశ్. తల ఎత్తలేదు. “పోయినేడు సబ్బు అమ్మే ప్రాజెక్టు చెప్పుకుంట నేను ‘గిట్ల’ అన్న. మీరు నవ్విన్రు. గిట్ల మాట్లాడితే కంపెనీల గేటు కాడనే ఆపుతరు అన్నరు. క్లాసంత నవ్విన్రు. యాదికున్నదా సార్?”

గుర్తుంది. వాడి మంచికే చెప్పాననుకున్నాడు అప్పుడు. ఆ మాట వాడిలో ఏడాదిపాటు అలాగే ఉందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఈ ఎనిమిదేళ్ళలో ఇంకెంతమంది పిల్లల్తో అలా అన్నాడో.

“యాదికుంది రా. నవ్వినా. నాదే తప్పు.”

దినేశ్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాసుకుంటూ పోయాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు.

“ఏం, నాకు ఉద్యోగమిచ్చినట్టేనా?” అన్నాడు గోవిందప్ప, గొంతు తేలిక చేసుకోవడానికి ప్రయత్నిస్తూ.

“లేదు సార్,” అంది సుష్మ. “ముగ్గురిదీ ఒకటే మాట. పదికి రెండు మార్కులు. మీరు సెలెక్ట్ కాలే.”

తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం కోసం చెయ్యి చాపాడు. దినేశ్ చటుక్కున అట్టను గుండెకు అదుముకున్నాడు. కానీ ఆ లోపే కాగితం అడుగున బడి గుండ్రటి ముద్ర, దాని పక్కన హెడ్మిస్ట్రెస్ ఆకుపచ్చ సంతకం ఆయన కంట పడ్డాయి.

అయితే ఇది ఆట కాదు.

లెక్కల మాస్టారు నరసింహమూర్తి పోయిన నెలే బడి వదిలి గుంటూరు వెళ్ళిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. పిల్లలు ఇష్టపడటం లేదని ఎవరో చెవిన వేశారంతే. ఇప్పుడు తన వంతు వచ్చిందన్నమాట. దానికి పిల్లల చేతికే కాగితమిచ్చారు. ఎవరికైతే ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో నేర్పాడో, వాళ్ళ చేతే తన ఉద్యోగం తీయిస్తున్నారు.

గంట కొట్టాక స్టాఫ్ రూములో తన పుస్తకాలు సంచిలో సర్దుకుని హెడ్మిస్ట్రెస్ పద్మావతి మేడమ్ గదికి వెళ్ళాడు. ఆమె బల్ల మీద ఆ కాగితమే ఉంది.

“పిల్లలు మొహం మీదే చెప్పేసినారు మేడమ్. సోమవారం నుంచి రానులెండి.”

“ఎందుకు రారు?”

“దినేశ్ రాసింది చదివే ఉంటారు.”

“చదివిన.” ఆమె కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. “‘సార్‌కు కోపం ఎక్కువ. పిల్లల భాష మీద నవ్వుతడు. టైముకు రాడు. గిసొంటి సార్‌ను అస్సలు తీసుకోవద్దు.’ ఆఖరి మాట కింద మూడు గీతలు గీసిండు.”

గోవిందప్ప తల వంచుకున్నాడు. బస్సుల్లేని రోజుల్లో కూడా మణికొండ నుంచి నడిచి గంట కొట్టకముందే వచ్చాడు తను. ఆ అబద్ధం దగ్గర ఇక ఆగలేకపోయాడు.

“టైముకు రానా మేడమ్? రిజిస్టర్ చూడండి. పొమ్మంటే పోతా, దానికి లేనివన్నీ కల్పించాలా?”

“రోజూ మీరే ముందుగల వస్తరని నాకు తెల్వదా? మీకు చెప్పొద్దని మేనేజ్‌మెంట్ అన్నది, అందుకే ఊకున్న. అడుగుకాడ రాసింది ఇన్నరు గద సార్, జర పైన ఏమున్నదో గూడ సదువుండ్రి.”

ఆమె కాగితాన్ని ఆయన వైపు తిప్పింది.

ఆయన్ను కర్నూలు కొత్త బ్రాంచికి తీసుకోవచ్చా, లేక ఇక్కడే ఉంచాలా అని పిల్లల్ని అడిగిన కాగితమది.