నూట నలభై సలహాలు

"ఆగు బిడ్డా, పట్టీ లూజుగున్నది."

బొగ్గుబాయి గేటు దగ్గర ఓ ముసలాయన సాగర్‌కు అడ్డం వచ్చాడు. అడగకుండానే గడ్డం కింద హెల్మెట్ పట్టీ లాగి బిగించేశాడు.

సాగర్‌కు చిర్రెత్తుకొచ్చింది. నౌకరిలో మొదటి రోజు. వెనక పదిమంది చూస్తున్నారు.

"నేనేమన్న చిన్న పిలగాన్నా? చెయ్యి తియ్యి" అని విదిలించుకుని లోపలికి నడిచాడు.

ముసలాయన వెనక వస్తున్నవాడి పట్టీ చూడబోయాడు.

'బిడ్డా' అన్న ఆ పిలుపుతో సాగర్‌కు ఎండాకాలం నాటి సంగతి గుర్తొచ్చింది.

సాగర్ బాపు హనుమండ్లు ఇదే బాయిలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మోకాళ్లు అరిగిపోయాయి. మెడికల్ బోర్డుకు పోయి అన్‌ఫిట్ అనిపించుకుంటే ఆయన నౌకరి కొడుక్కి వస్తుంది. వాళ్లుండే నస్పూర్‌లో సాగర్ ఈడు వాళ్లు చాలామంది అట్లా చేరినవాళ్లే. హనుమండ్లు మాత్రం బోర్డుకు పోనంటే పోనన్నాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట, "వద్దురా."

బోర్డుకు పోయే గడువు దాటడానికి రెండు నెలలే ఉన్నాయి. సాగర్ కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, మూడేళ్లుగా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. బాపుతో చెప్పుకోలేనిది ఫోన్‌తో చెప్పుకున్నాడు. బొగ్గుబాయి పిల్లల గ్రూపు ఒకటుంటే అందులో పేరు దాచి రాశాడు.

"మా బాపు నాకు నౌకరి ఇస్తలేడు. ఏం జెయ్యాలె?"

సలహాలకేం కరువు? సాయంత్రానికి నూట నలభై వచ్చి పడ్డాయి.

"మాట్లాడుడు బంద్ జెయ్యి."

"పెద్దమనుషులను కూసోవెట్టు."

"మూడొద్దులు అన్నం ముట్టకు. మీ అవ్వే మీ బాపును బోర్డుకు తోల్తది." దీనికి రెండు వందల లైకులు.

ఒక్కడు మాత్రం సలహా ఇవ్వలేదు. ప్రశ్న అడిగాడు.

"బాపు ఎందుకు వద్దంటుండో ఎన్నడన్న అడిగినవా బిడ్డా?"

పేరు నరేశ్. ఫొటోలో హెల్మెట్, దానికి లైటు, నిండా నవ్వు. పాతికేళ్లుంటాయేమో.

సాగర్‌కు ఒళ్లు మండింది. వెంటనే రాశాడు.

"నా ఈడోనివి, నన్ను బిడ్డా అంటవా? మీ బాపు నౌకరి పట్టుకొని ఫొటో దిగినవ్. మాకు నీతులు చెప్తవా? నీ నౌకరి నువ్వు ఇడుస్తవా మరి?"

కింద నవ్వు బొమ్మలు బారులు కట్టాయి.

కాసేపటికి జవాబు వచ్చింది.

"తప్పైంది బిడ్డా. ఒక్కసారి అడుగు, గంతే."

సాగర్ అడగలేదు. నరేశ్‌ను బ్లాక్ చేసి, రెండు వందల లైకుల సలహా పట్టుకున్నాడు.

మూడో రోజు హనుమండ్లే కంచం తెచ్చి కొడుకు ముందు కూర్చున్నాడు.

"తిను. రేపు పోత బోర్డుకు."

అన్నం కలుపుతూ ఆయన తల ఎత్తలేదు. ఎందుకో కూడా సాగర్ అడగలేదు. అంత ఆకలి మీద ఉన్నాడు.

ఇవాళ తొలి హాజరు, మస్టర్ పడింది. లైట్ల రూం కిటికీ దగ్గర, లైట్లు ఇచ్చే కొమురెల్లి పేరు చూసి తలెత్తాడు.

"హనుమండ్లు కొడుకువా? జర పైలం."

లైటు అందుకుంటూ సాగర్ కిటికీ లోపలి గోడ చూశాడు. దండ వేసిన ఫొటో. హెల్మెట్, లైటు, అదే నవ్వు.

"గీయన... నరేశ్ గదా? ఏమైంది?"

"బాయిల మీద బండ పడ్డది. నౌకరెక్కి అయిదు నెల్లే. పోయి నాలుగేండ్లాయె. బయటికి మోసుకొచ్చిన నలుగురిల మీ బాపు సుత ఉండె. చెప్పలేదా?"

"నాలుగేండ్లా? మొన్న ఎండకాలంల నాకు ఫోన్ల రాసిండు!"

కొమురెల్లి చేతిలో పని ఆగింది.

"నరేశ్ గాదు. ఆని ఫోన్ ఆల్ల బాపు బుచ్చిరాములు కాడుంటది. తను బోర్డుకు పోయి కొడుకుకు నౌకరి ఇప్పిచ్చిండు. కొడుకు పోయినప్పటిసంది మీ అసొంటి పోరగాండ్లు కనవడితే సాలు, రాస్తనే ఉంటడు."

'నీ నౌకరి నువ్వు ఇడుస్తవా' అని తను ఎవరిని అడిగాడో సాగర్‌కు అప్పుడు తెలిసింది. ఆ మాటకు నవ్వు బొమ్మలు లెక్కపెట్టుకుని మురిసిపోవడం కూడా గుర్తొచ్చింది. బాపు నాలుగేళ్లు ఈ ఫొటో ముందు నిలబడే రోజూ లైటు తీసుకున్నాడు. ఊరూ పేరూ తెలియనివాళ్లను నూట నలభై మందిని అడిగినవాడు, పక్క అర్రలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

లోపల సైరన్ కూత వేసింది. దిగాల్సిన టైమైంది.

"అన్నా, ఆయన ఏడుంటడు? కాళ్లు మొక్కాలె."

కొమురెల్లి కిటికీలోంచి చెయ్యి చాపి, సాగర్ గడ్డం కింద పట్టీలో వేలు దూర్చి చూశాడు. వేలు దూరలేదు.

"నీ పట్టీ గింత గట్టిగున్నదంటే, పొద్దుగాల గేటు కాడ నీకు ఎదురువడే ఉంటడు."