జగ్గులో నీళ్ళు ఎవరు తాగారు?

విషం కలిపిన జగ్గులో ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు.

ఇన్‌స్పెక్టర్ జగ్గును తలకిందులు చేశాడు. రెండుసార్లు విదిలించాడు. ఏమీ రాలలేదు. రెండో చేతిలో ఉన్న చిన్న గాజుసీసా వంక అయోమయంగా చూశాడు. ఆ నీళ్ళు కొన్ని ఇందులో పోసి మందు కలపాలి. నీలంగా మారితే విషం అల్లుడి రంగుల ఫ్యాక్టరీది. ఎర్రబడితే డాక్టరు మందుల పెట్టెలోది. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఉన్న దారి అదొక్కటే.

"ఇందాక నిండుగా ఉంది కదా!" అన్నాడు.

"నిండుగానే ఉంది. నా చేతులతో నేనే పెట్టాను" అంది పెద్దాయన భార్య.

పెద్దాయన శవం సోఫా మీద ఉంది. గడ్డం దాకా తెల్లదుప్పటి. తల దగ్గరే చిన్న బల్ల. దాని మీదే ఎప్పుడూ ఆ జగ్గు. ఆయనకి షుగరు. దాహానికి ఆగలేడు. ఆ సంగతి తెలిసినవాడెవడో పని సులువు చేసుకున్నాడు.

"మీరే కదా డాక్టరుగారూ, పక్కనే నీళ్ళు పెట్టమన్నది!" భార్య కళ్ళొత్తుకుంది.

"పెట్టమన్నానమ్మా. షుగరు పెరిగితే దాహం పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు మానేస్తే ఇంకా ముప్పు. పళ్ళరసాలొద్దు, కూల్‌డ్రింకులొద్దు, మంచినీళ్ళు తాగించండి, దాహం మరీ ఎక్కువైతే పరీక్షకి తీసుకురండి అన్నాను. అంతేగానీ విషం కలపమన్నానా?"

బయట పెద్ద ఉరుము. కాసేపాగి మెరుపు మెరిసింది.

ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు తిరిగాడు. "ఇందాక దీపాలు ఆరిపోయాయి కదా, అప్పుడు ఈ గదిలో ఎవరున్నారు?"

"అందరం అటు వెళ్ళిపోయాం. ఇక్కడున్నది మామయ్యగారొక్కరే."

"ఆయన్ని వదిలెయ్యండి. శవాలకి దాహం వెయ్యదు."

"అయితే ఎవరూ లేరు."

ఎవరూ లేని గదిలో జగ్గు ఖాళీ అయింది. తాగినవాడు ఈ నలుగురిలోనే ఉండాలి. వాడు కాసేపట్లో పోతాడు. వాడితోపాటే కేసూ పోతుంది.

"ఎవరు తాగారో ఒప్పేసుకోండయ్యా! విరుగుడు నా దగ్గరుంది" అంటూ డాక్టరు పెట్టె సగం తెరిచాడు. ఏం గుర్తొచ్చిందో, చటుక్కున మూసేశాడు.

"నీ మీసం తడిసిందేంటి అల్లుడూ?" అంది అత్తగారు అనుమానంగా.

"చెమట అత్తయ్యగారూ!" అతను మీసాన్ని వేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "అయినా నన్నంటారేంటి? ఇందాకట్నుంచి పెదాలు తడుపుకుంటున్నది మీరు!"

"గొంతెండిపోతోంది మరి! మొగుడు పోయినదాన్ని, ఎంత ఏడవాలి నేను?"

ఎదుట చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

నలుగురూ బిగుసుకుపోయారు. ఇన్‌స్పెక్టర్ మెల్లగా పెద్దాయన భార్య పక్కకి జరిగి, పెదాలు కదపకుండా గొణిగాడు. "ఇప్పుడేం చెయ్యను?"

"ఏదో ఒకటి అడుగుతూ ఉండండి" అందామె పళ్ళ బిగువున.

ఆయన టోపీ సర్దుకున్నాడు. ఛాతీ విరిచాడు.

"సరే! జగ్గు మీద వేలిముద్రలు తీయిస్తాను. ఆ మనిషి వచ్చేదాకా ఒక్కరు కూడా ఉన్నచోటి నుంచి కదలడానికి వీల్లేదు. గంటైనా సరే, రెండు గంటలైనా సరే!"

సోఫా కిర్రుమంది.

దుప్పటి కదిలింది. భార్య కెవ్వుమంది. అల్లుడి నోరు తెరుచుకుంది, మీసం ఒక పక్కకి జారింది. డాక్టరు మాత్రం తల పట్టుకుని కూలబడ్డాడు.

శవం లేచి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్‌కి రెండు చేతులూ జోడించింది.

"నేనే తాగేశానయ్యా, ఈ పెద్దాయనకే కాదు, నాకూ షుగరుంది, మధ్యలో లేవాల్సొస్తుందేమోనని పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు, నోరు పిడచకట్టుకుపోతుంటే దీపాలారగానే జగ్గెత్తేశాను, ఇప్పుడు ఇంకో రెండు గంటలంటే మాత్రం నావల్ల కాదు, మీకు దణ్ణం పెడతా, ముందు ఆ తెర దించండి!"