దండెం

"ఆ దుప్పట్లు మీరే తీస్తారా, మమ్మల్ని లాగెయ్యమంటారా?"

అడిగాడు పేటని బాగుచెయ్యడానికొచ్చిన డిజైనరు. ఒక చేత్తో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో దండెం మీది తడి దుప్పటిని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యండి సార్!" టైలరమ్మ కుట్టుమిషను వదిలేసి, మెళ్ళో టేపుతోనే సందులోకి దూకింది. "మా అత్త మంచాన పడుంది. ఉన్నవే ఈ రెండు దుప్పట్లు, రెండూ తడిపేసింది. ఇవి ఆరకపోతే ఉత్త రబ్బరు షీటు మీద పడుకోబెట్టాలి. వీపంతా పుండ్లే ఆవిడకి!"

"ఇంకెక్కడైనా ఆరేసుకోండమ్మా. చీఫ్ గెస్టు వచ్చేస్తున్నారు."

"ఎక్కడ ఆరెయ్యను, మీ నెత్తిమీదా? ఈ సందులో ఎండ తగిలేది ఈ ఒక్క గోడకే. పోయిన నెల పేట మీటింగులో ఇదేగా మొత్తుకున్నాను? మీరేం చేసుకున్నా సరే, నా దండెం నాకుంచండి అని!"

"గుర్తుంది. మీ మాట నాకెంతో నచ్చింది కూడా. మీ దండెం మీకుంటుంది, సరేనా? నాదీ పూచీ."

పూచీ అన్న నోటితోనే పనివాళ్ళకి సైగ చేశాడు. వాళ్ళు దండెం తాడు తెంపి, గోడ అంచునున్న మేకు పీకేశారు. దుప్పట్లు బురదలో పడ్డాయి. టైలరమ్మ తిట్టుకుంటూ వాటిని బకెట్లో కుక్కుకుంది.

బాగుచెయ్యడమంటే ఏంటో అనుకున్నారు పేట జనం. పొంగే మురిక్కాలవని అలాగే వదిలేసి, దాని మీద వరసగా పూలకుండీలు పెట్టారు. పొద్దున్నే వచ్చి సందంతా సెంటు కొట్టారు. ఆ కంపూ ఈ సెంటూ కలిసిపోయి ముక్కు మూసుకున్నా వదలట్లేదు. ఛీ, దీనికన్నా ఉత్త కంపే నయం! ఇక ఎండ తగిలే గోడకి వారం నించీ దండెం వెనకే ఆకుపచ్చ గుడ్డ కట్టేసి, లోపలేం చేస్తున్నారో ఎవర్నీ చూడనివ్వలేదు.

"ఒసేయ్, దుప్పటేదే? ఒళ్ళు మండిపోతోంది!" లోపల్నించి అత్త అరిచింది.

"వస్తున్నానత్తా, కాస్త ఓర్చుకో." ఏం పట్టుకెళ్ళాలో తెలియక టైలరమ్మకి ఏడుపొచ్చేసింది.

ఇంతలో కార్లు ఆగాయి. చీఫ్ గెస్టు కాలవ దగ్గర ఊపిరి బిగబట్టి గెంతి, ఇవతలికొచ్చాక నవ్వు పులుముకుంది. "ఎంత కళగా ఉందండీ మీ పేట!" అంటూ ఆకుపచ్చ గుడ్డకి కట్టిన తాడు లాగింది. గుడ్డ జారిపడింది. చప్పట్లే చప్పట్లు.

"అబ్బ, జీవం ఉట్టిపడుతోంది!" అందావిడ.

టైలరమ్మ బకెట్టు పట్టుకునే జనం వెనకనించి మెడ సాచి చూసింది.

గోడ నిండా రంగుల బొమ్మ. ఈ కొస నించి ఆ కొసదాకా దండెం. దాని మీద ఎండలో ఎగురుతున్న తెల్లటి దుప్పట్లు. పక్కనే మెళ్ళో టేపుతో నవ్వుతూ ఒకావిడ. బొమ్మ కింద మేకులు కొట్టి బిగించిన కొత్త బోర్డు: 'ఇచ్చట బట్టలు ఆరవేయరాదు.'

డిజైనరు జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరకొచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా అమ్మా? మీ దండెం మీకుంటుందని చెప్పానా లేదా!"