మావాడు ఫారానికి పోడు

“ఫారమా? మావాడు ఫారానికి పోడు. తా బోలే! చెప్పరా ఆ దొరకి!” అంది అంకమ్మ. కుదరదని గట్టిగా చెప్పాల్సి వస్తే ఆవిడకు మలయ్ మాటే ముందు నోటికొస్తుంది.

గోవిందుకు చెమటలు పట్టాయి. బూన్ లే పేటలోని వాళ్ళ ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీదున్న లాప్‌టాప్‌లో, అమెరికా ఐస్ హాకీ క్లబ్బు మేనేజరు చిరునవ్వుతో జవాబు కోసం చూస్తున్నాడు. పక్కనే కూర్చున్న గోవిందు కొడుకు హరిదాస్ గోల్‌కీపర్. మంచు చూడాలంటే ఫ్రిజ్ తలుపు తీయాల్సిన ఊళ్ళో పుట్టినవాడు. అలాంటివాడికి అటు అమెరికా నుంచి, ఇటు ఫిన్లాండ్ నుంచి రెండు కాంట్రాక్టులు వచ్చాయి. నెల రోజులుగా ఇంట్లో ఇదే రామాయణం. తండ్రీ కొడుకుల మనసు అమెరికా మీదే ఉంది. ఇవాళ మాట ఇచ్చేయాలి. ఇచ్చేముందు కాగితంలో ఏముందో చదివి చెప్పమంది అంకమ్మ. అక్కడ వచ్చింది చిక్కు.

“అమ్మా, ఫారం అంటే కోళ్ళ ఫారం కాదు. ఫారం టీము. పెద్ద టీములో సరిగ్గా ఆడకపోతే కొన్నాళ్ళు చిన్న టీముకి పంపుతారు. అంతే.”

“ఏడుంటది ఆ చిన్న టీము?”

“వేరే ఊళ్ళో.”

“పిల్లోణ్ణి అడిగి పంపుతారా?”

“అడగరు.”

“ఇంకేం రాసినారు?”

గోవిందు గొంతు తగ్గించాడు. “ట్రేడ్ అని ఒకటుంది. అవసరమైతే వేరే క్లబ్బుకి మార్చేస్తారు.”

“మార్చేస్తారా, అమ్మేస్తారా?”

గోవిందు తెర మీది మేనేజరు వైపు చూసి బలవంతంగా నవ్వాడు.

“మా తాత కాంట్రాక్టు కాగితం మీద వేలిముద్రేసి ఓడెక్కినాడు. ఈ రబ్బరు తోటలో ఉండమంటే ఉన్నాడు, ఆ తోటకి పొమ్మంటే పోయినాడు. ఆయన్ని అడిగినోడు లేడు. నా మనవడికీ అదే కాగితమా?” ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. “వీడు ఒప్పుకోకుండా ఫారానికి పంపకూడదు, అమ్మకూడదు. అట్టా రాసిస్తే వస్తాడు. లేదంటే ఫిన్లాండే. చెప్పు!”

గోవిందు గొంతు సవరించుకుని, అక్కడ చలి ఎలా ఉంటుందని మా అమ్మ అడుగుతోందని ఇంగ్లిష్‌లో చెప్పాడు.

“నేను చలి గురించి అడిగినానా?” అంది అంకమ్మ. ఆవిడ ఇంగ్లిష్ పెద్దగా మాట్లాడదు గానీ, ఎవరేమన్నా అర్థం చేసుకోవడంలో ఆవిడకు లోటేమీ లేదు.

గోవిందు సిగ్గుతో చచ్చిపోతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు పగలబడి నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానని, కొత్త ఆటగాడికి అలాంటి షరతు ఎన్నడూ రాయలేదని అన్నాడు.

“వీడు ఎప్పుడు కావాలంట వాళ్ళకి?” అడిగింది అంకమ్మ.

“మూడు వారాల్లో మొదటి ఆట. వాళ్ళ గోల్‌కీపర్‌కి మోకాలి ఆపరేషనట.”

“అయ్యో పాపం,” అని ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, నేరుగా లాప్‌టాప్‌లోకి వంగింది. “మిస్టర్! ఫిన్లాండ్ నో ఫారం. ఫిన్లాండ్ నో సెల్లింగ్. వన్ ఇయర్, వన్ టౌన్. యూ, కెన్ ఆర్ కెనాట్?”

మేనేజరు నవ్వు ఆగిపోయింది. యజమానితో మాట్లాడాలి, పది నిమిషాలు ఇమ్మన్నాడు. తెర నల్లబడింది.

“కొంప ముంచావు కదమ్మా!” గోవిందు నెత్తి కొట్టుకున్నాడు. “ఒరే హరీ, నువ్వైనా ఒక్క మాట అనవేంరా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు!”

“నానమ్మ ఈజ్ నెగోషియేటింగ్ లా నాన్నా. లెట్ హర్,” అన్నాడు హరి, తమ ఊరి యాస ఇంగ్లిష్‌లో. వాడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“పోనీలే. ఇది పోయినా ఫిన్లాండ్ ఉంది కదా,” అని గోవిందు తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. హరి గటగటా నీళ్ళు తాగాడు.

పది నిమిషాలు దాటాయి. పదిహేను దాటాయి. అంకమ్మ కాఫీ కలుపుకుని తెచ్చుకుని, తీరిగ్గా ఊదుకుంటూ తాగుతోంది. గోవిందు హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతున్నాడు. ఇరవయ్యో నిమిషంలో లాప్‌టాప్ మోగింది.

మేనేజరు టై వదులు చేసుకుని ఉన్నాడు. మొదటి సీజన్ అంతా హరిదాస్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఫారం టీముకి పంపరు, ట్రేడ్ చెయ్యరు. యజమాని సరేనన్నాడు. మార్చిన కాగితం ఇప్పుడే పంపుతున్నాం అని చెప్పి, చివర్లో ఒక మాట కలిపాడు. వచ్చే ఏడాది బేరానికి ఆ పెద్దావిడను మాత్రం కూర్చోబెట్టొద్దని.

గోవిందు వేసిన కేకకి పక్క ఫ్లాట్‌ వాళ్ళు తలుపు తీసి చూశారు. హరి నానమ్మను కుర్చీతో సహా ఎత్తి గిరగిరా తిప్పాడు. “దింపరా సచ్చినోడా, కాఫీ ఒలుకుతాది!” అని అరుస్తూనే ఆవిడ వాడి బుగ్గలు పుణికింది. కాగితం రాగానే ప్రతి వాక్యం రెండేసి సార్లు చదివించుకుంది.

“ఇప్పుడు పెట్టు సంతకం,” అంది.

హరి సంతకం పెట్టాడు. గోవిందు కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషం కాస్త సర్దుకున్నాక అతనికి పెద్దమనిషి తరహా గుర్తొచ్చింది.

“ఒరే హరీ, ఆ ఫిన్లాండ్ వాళ్ళకి మర్యాదగా ఒక ఉత్తరం రాయరా. రాలేకపోతున్నాను, క్షమించండి అని. పాపం, వాళ్ళు నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నారో!”

హరి నానమ్మ వైపు చూశాడు. ఆవిడ కాఫీ గ్లాసు వెనక ముఖం దాచుకుంది.

“అక్కర్లేదు నాన్నా. వేరేవాణ్ణి తీసుకున్నామని వాళ్ళు నిన్ననే మెయిల్ పెట్టారు. నానమ్మకి చదివి వినిపించాను కూడా.”