పక్క నుంచి చూస్తే

టీవీ కొందామని వచ్చిన మొగుడు వెళ్లి రోడ్డు మీద నిలబడితే, షాపులో మిగిలిపోయిన పెళ్లాం ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆమె సేల్స్‌మన్ వైపు చూసి నవ్వింది. అంతకు మించి చేయగలిగింది కనబడలేదు.

అద్దాల తలుపుకి అవతల ఆయన ఒక కన్ను మూసి, మెడ వంచి, గోడ మీది టీవీలను ఏటవాలుగా చూస్తున్నాడు. సర్వేయరు ఉద్యోగానికి సెలవు చెప్పి రెండేళ్లయినా ఆ కన్ను మూసే అలవాటు మాత్రం రిటైరు కాలేదు.

“మీ హాలు అంత పొడవా మేడమ్?” అన్నాడు సేల్స్‌మన్.

“హాలు చిన్నదే బాబూ. ఆయన చాదస్తమే పొడవు.”

సర్వేయరు లోపలికొచ్చాడు. “ఆ పల్చటిదాని సంగతేంటి?”

“అది ఓలెడ్ సార్. నలుపంటే కాటుక నలుపే. లైట్లార్పి చూస్తే సినిమా హాలే అనుకోండి.”

“పట్టపగలు చూస్తే? కిటికీ తెరిచి ఉంటే?”

“పగలైతే కొంచెం వెలవెలబోతుంది సార్. వెలుతురున్న గదికి ఎల్‌ఈడీ నయం. అందులోనూ రెండు రకాలు. ఇది ఎదురుగా కూర్చుంటే బ్రహ్మాండం, పక్కకి జరిగితే రంగులు పాలిపోతాయి. అదేమో నలుపు కాస్త బూడిదలా ఉంటుంది గానీ, ఎంత పక్క నుంచి చూసినా బొమ్మ చెదరదు.”

“అదే ఇవ్వు.”

“మనం ఎదురుగానే కదండీ కూర్చునేది!” అందామె.

“ఎవరెక్కడ కూర్చుంటారో ముందే ఎలా చెప్తాం?” అన్నాడాయన.

అసలు ఆమెకి ఏ టీవీ వద్దు. ఏడాది క్రితం, అమ్మ పోయిన వారంలోనే పాతదాన్ని ఎవరికో ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం హాల్లో సీరియల్ వస్తుంటే, లోపలి గదిలో అమ్మ ఊపిరి ఆగింది. ఎదురింటి నుంచి పరుగెత్తుకొచ్చిన అక్క నలుగురి ముందూ అనేసింది: “అమ్మ పోతుంటే నువ్వు టీవీ చూస్తూ కూర్చున్నావా?”

ముందురోజు దాకా అదే సీరియల్లో ప్రకటనలు రాగానే ఫోన్ చేసి “చూశావటే, ఆ అత్త ఎంత మాటందో!” అనే అక్క. ఆ రోజుతో టీవీ మొహం చూడనని తన ఇంట్లోదీ తీయించేసింది. సన్నటి వీధికి అటొక కిటికీ, కాస్త ఏటవాలుగా ఇటొక కిటికీ. మధ్యలో మాటల్లేవు.

ఈమధ్య అక్క జారిపడి, కాలు విరిగి మంచాన పడింది. సర్వేయరు రోజూ వెళ్లి మందులిచ్చి వస్తాడు.

“గాలి తగులుతుందని మీ అక్క మంచం కిటికీ పక్కకి జరిపించాను,” అని వచ్చి చెప్పాడొకరోజు.

“ఎవరడిగారు?” అందామె. ఇక రోజంతా కాపలాయే అనుకుంది.

టీవీ వచ్చింది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి, తలెత్తి చూడాల్సినంత ఎత్తులో కొట్టించాడాయన.

“అంత ఎత్తా? మెడ పట్టేస్తుంది.”

“మెడకి వ్యాయామం.”

మధ్యాహ్నం కాగానే ఆయనే పెట్టేవాడు, వీధి మొత్తానికి వినబడేలా. చెవులు కూడా పోయాయి కాబోలనుకుంది. కిటికీ కింద సోఫాలో కూర్చుంటే ఆమె కళ్లకి బొమ్మ ఆనేది కాదు. వీపు మీద అక్క చూపు వాతలా కాలుతుండేది. లేచి కర్టెన్ వేసేది. “ఉక్కగా ఉంది,” అంటూ ఆయన తీసేవాడు. ఆమె వేసేది. ఆయన తీసేవాడు.

ఒకరోజు కర్టెన్ అంచు చేతిలో పట్టుకునే ఆమె ఏడ్చేసింది.

“ఎందుకండీ నన్నిలా నడివీధిలో కూర్చోబెడతారు? తల్లి పోతుంటే టీవీ చూసింది, ఇప్పుడూ సిగ్గు లేకుండా చూస్తోంది అని అక్క అనుకోవాలా?”

“ఆరోజు ఏం జరిగిందో నువ్వెప్పుడైనా చెప్పావా?”

ఆమె కర్టెన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. “అమ్మే వెళ్లమందండీ. ‘ఆ వెలుతురు నా కళ్లకి పడట్లేదే, నువ్వు చూసొచ్చి నాకు కథ చెప్పు’ అనేది. రోజూ చెప్పేదాన్ని. ఆరోజూ వెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పాక గానీ తెలియలేదు, వినే మనిషి లేదని.”

“ఈ మాట మీ అక్కకి చెప్పలేదేం?”

“అక్క అడగలేదండీ. తీర్పు చెప్పింది.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, చెప్పులేసుకుని, మందులివ్వడానికి ఎదురింటికి వెళ్లాడు. ఆ పూట రావడం ఆలస్యమైంది.

మర్నాడు మధ్యాహ్నం టీవీ పెట్టి, కూరగాయలకని సంచీ పట్టుకుని బయటికి నడిచాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె కర్టెన్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా లాగింది. సందు లేకుండా రెండు పిన్నీసులు కూడా గుచ్చింది. అప్పుడు గానీ వీపు తేలికపడలేదు. ఏడాదిలో మొదటిసారి తలెత్తి బొమ్మ వైపు చూసింది. సీరియల్లో ఎవరో తలుపు కొడుతున్నారు. కోడలు తియ్యనా వద్దా అని నిలబడి ఉంది.

ఫోన్ మోగింది.

దాని తెర మీద, ఆమె చెరిపెయ్యలేకపోయిన పేరు. అక్క.

మళ్లీ అదే ప్రశ్న వినాలేమో. అడగనీ, ఎన్నాళ్లని దాక్కుంటుంది? నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఊపిరి బరువుగా వినిపించింది. తర్వాత గొంతు.

“తప్పు నాదేనే చెల్లీ, ఆ కర్టెనన్నా తియ్యి, లేకపోతే కథన్నా చెప్పు.”