ఆదివారం మరమ్మతులు

పెరటి తలుపు కింది బందుకున్న నాలుగు స్క్రూల్లో మూడింటిని నాయనమ్మ అప్పటికే విప్పి కొంగున ముడి వేసుకుంది. నాలుగోది తుప్పు పట్టి మొండికేసింది. చిన్న పీట మీద కూర్చుని రెండు చేతులతో స్క్రూడ్రైవర్ తిప్పుతుంటే, వెనక నుంచి పెద్దకోడలు వచ్చింది.

“ఈ వారం తలుపా అత్తయ్యా?”

“మెల్లగా మాట్లాడు. మీ ఆయన వచ్చాడా?”

“మమ్మల్ని దింపి పాలకి వెళ్లారు. మరిదిగారి వాళ్లింకా రాలేదు.”

కోడలు తలుపును అటూ ఇటూ ఊపి చూసింది. మధ్య బందు కూడా కాస్త వదులు చేస్తే మంచిదంది. ఒక్కటే ఊడితే ఎవరో ఒకరే బాగుచేసి పారేస్తారు, రెండూ ఊడితే ఇద్దరూ పట్టాల్సిందే. నాయనమ్మకు ఆ మాట నచ్చింది. ఇంత బుర్ర ఉన్న పిల్ల తన ఇంటికి కోడలుగా వచ్చినందుకు లోలోపల పొంగిపోయింది.

కొడుకులిద్దరికీ మాటల్లేక ఆరు నెలలైంది. తాతయ్య పోయిన దిగులుతో నాయనమ్మ మంచం పట్టి, గోడవైపు తిరిగి పడుకున్న రోజులవి. ఆ మంచం పక్కనే నిలబడి, తండ్రి పాత సైకిల్ కోసం ఇద్దరూ అరుచుకున్నారు. పాత ఇనుముకు వేసేద్దామని ప్రెస్సులో పనిచేసే పెద్దవాడు, ముట్టుకుంటే ఊరుకోనని లెక్కల మాస్టారైన చిన్నవాడు. ఈ జన్మలో నీతో మాట్లాడనంటే నీతో మాట్లాడననుకుని చెరో దారిన వెళ్లిపోయారు. కన్నతల్లి ఇంక ముసుగుతన్ని పడుకుంటే కుదిరే పనేనా? మర్నాడు పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఇల్లంతా కలియజూసింది. కిటికీ రెక్క ఒకటి వదులుగా కనిపించింది. దాన్ని ఇంకాస్త వదులు చేసింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆదివారం ఖాళీ లేదు. మనవడి పుట్టినరోజని ఒక వారం, మనవరాలికి పరుగుపందెంలో కప్పు వచ్చిందని ఒక వారం. ఏమీ లేని వారం, ఏమీ లేదు కదా, తీరిగ్గా కూర్చుందాం రమ్మని కబురు పెట్టేది. అందరూ వచ్చేసరికి ఏదో ఒకటి ఊడిపోయి ఉండేది. బట్టల తీగ, నీళ్ల ట్యాంకు మూత, గేటు గడియ. పనివాణ్ణి పిలుద్దామంటే, ఇద్దరు కొడుకులుండగా పరాయివాడెందుకనేది. రెండు గదులకు రంగులు కూడా వేయించింది. తనూ కొంగు బిగించి కిటికీ చువ్వలకు రంగు పూసింది. మీ కోడళ్లకంటే మీరే గట్టిగా ఉన్నారని డాక్టరమ్మ దారిలో కనిపించి నవ్వింది.

ఫలితం లేకపోలేదు. ఐదో వారం చిన్నవాడు నిచ్చెనెక్కితే, ఎవరూ చెప్పకుండానే పెద్దవాడు వెళ్లి కింద పట్టుకున్నాడు. ఆ రాత్రి నాయనమ్మ కడుపు నిండినట్టయి అన్నం కూడా తినలేదు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక పెరటి తలుపు ఒక పక్కకు ఒరిగింది. అన్నదమ్ములు చెరో అంచూ పట్టుకున్నారు. నాయనమ్మ మధ్యలో నిలబడింది.

“అమ్మా, కాస్త పైకెత్తమని చెప్పు ఆయన్ని” అన్నాడు చిన్నవాడు.

“ఎత్తే ఉన్నానని చెప్పమ్మా. లెక్కలు చెప్పినంత సులువు కాదని కూడా చెప్పు.”

“పొద్దస్తమానం అచ్చుతప్పులు వేసేవాళ్లకి ఒంకరేదో తిన్ననేదో తెలీదని చెప్పు.”

మూరెడు దూరంలో ఉన్న వాళ్ల మాటల్ని నాయనమ్మ ముళ్లు తీసి అటూ ఇటూ అందించింది. కాస్త ఎత్తు నాన్నా అంటున్నాడు తమ్ముడు. ఎత్తుతున్నాగా అంటున్నాడు అన్న. మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అంతలో మధ్య బందు జారింది. తలుపు చిన్నవాడి పాదం మీదికి దిగింది.

“కాలు తియ్యరా!”

తలుపు ధబ్బుమని నేలకు తగిలింది. చిన్నవాడి కాలు అప్పటికే పక్కకు వచ్చేసింది. పెద్దవాడు గబగబా రెండు స్క్రూలు నోట్లో పెట్టుకుని బందు మీదికి వంగాడు. చిన్నవాడు ఒకసారి తల్లి వైపు చూసి తల దించుకున్నాడు.

నాయనమ్మ వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కళ్లు తుడుచుకుంది. రెండే మాటలు. కానీ మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా అన్న మాటలు. ఎవరికి దణ్ణం పెట్టాలో తోచక ఎదురుగా ఉన్న కొళాయికే పెట్టింది. పెట్టాక దాన్ని ఒకసారి పరీక్షగా చూసింది. వచ్చే వారం దీని వంతు.

“కలిసిపోతారే” అంది గిన్నెలు సర్దుతున్న పెద్దకోడలితో. “ఇంకో నాలుగు ఆదివారాలు చాలు.”

“తొందరేముంది అత్తయ్యా. ఇంట్లో ఇంకా చాలా సామానుంది.”

సాయంత్రం పిల్లలూ కోడళ్లూ కబుర్లలో ఉండగా కొడుకులిద్దరూ ఎవరికి వారు బయటపడ్డారు. పెద్దవాడు కుడివైపు, కాసేపాగి చిన్నవాడు ఎడమవైపు. నాయనమ్మ గేటు పట్టుకుని, ఇద్దరూ కనుమరుగయ్యేదాకా చూసి, తృప్తిగా లోపలికి వెళ్లింది.

వెనక వీధిలో మందుల షాపు ముందు చిన్నవాడు బండి ఆపి, అక్కడ తనకోసం ఎదురుచూస్తున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

“మనం కలిసిపోతే అమ్మ మళ్లీ మంచమెక్కుతుంది అన్నయ్యా.”